ఒక్క టీయే కదా సిస్టర్!

పొద్దున్న 6 దాటింది. అత్తయ్యగారిని 11కి ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్తామన్నారు. నేను మొహం కడుక్కుని వచ్చేసరికి మా మావయ్యగారు మంచం పక్కన నిలబడి కూరగాయల సంచిలోంచి స్టీల్ ఫ్లాస్కు బయటికి తీస్తున్నారు, టవల్లో చుట్టి మరీ తెచ్చారు దొంగ సరుకులాగా. నన్ను చూడగానే ఫ్లాస్కు వీపు వెనక్కి పెట్టేసుకుని "ఒక్క టీయే కదమ్మా, నలభై ఏళ్ళ అలవాటు, తాక్కపోతే దానికి తలనొప్పొస్తుంది" అన్నారు. 14 ఏళ్ళుగా వింటున్నా ఈ డైలాగు. ఒక్క టీయే కదా సిస్టర్, ఒక్క ఇడ్లీయే కదా సిస్టర్, పిల్లాడు ఏడుస్తుంటే రెండు బిస్కట్లే పెట్టాం సిస్టర్. మా ఇంట్లోంచే వినడం మాత్రం ఇదే మొదటిసారి.

నేను సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. పోయిన ఆషాఢంలో అత్తయ్యగారికి గాల్ బ్లాడర్‌లో రాళ్ళని ల్యాప్రోస్కోపీ, అంటే చిన్న కన్నాలు పెట్టి చేసే ఆపరేషను, చేయించాం, ఇంటికి దగ్గరని నేను పనిచేసే హాస్పిటల్లో కాకుండా వేరే చోట. ఇలాంటి కేసులు వారానికి ఎన్ని చూస్తానో లెక్కే లేదు, కానీ ఈసారి యూనిఫాం లేదు, మెడలో ఐడీ కార్డు లేదు, అటెండెంట్ పాసు పట్టుకుని ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చున్నా. అక్కణ్ణుంచి చూస్తే మేం వార్డులో రోజూ చేసే పనులే వేరేగా కనిపించాయి, అవి మర్చిపోకముందే రాసుకుందామని ఈ పోస్టు.

ముందు టీ సంగతి తేల్చేద్దాం. మామూలుగా నీళ్ళు పొలమారితే ఏమవుతుంది, దగ్గొచ్చి బయటికి తోసేస్తుంది. మత్తిచ్చాక ఆ దగ్గు రాదు. కడుపులో ఉన్నది పైకొచ్చిందంటే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది ఉత్త అన్నం కాదు, యాసిడ్‌తో కలిసిన అన్నం. 1946లోనే న్యూయార్క్‌లో మెండెల్సన్ అనే డాక్టరు, 44 వేల పైచిలుకు కాన్పుల్లో 66 మందికి మత్తులో ఉండగా ఇలా జరిగిందని రాశాడు, నర్సింగ్ పుస్తకాల్లో ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే చదువుతాం. అందుకే ఈ కడుపు ఖాళీ గోలంతా. ఇప్పుడు ఎనస్థీషియా వాళ్ళు, అంటే మత్తిచ్చే డాక్టర్లు, చెప్పే లెక్క ఏంటంటే మంచినీళ్ళు 2 గంటల ముందు వరకు తాగొచ్చు, తల్లిపాలు 4 గంటలు, ఇడ్లీ లాంటి తేలికపాటి టిఫిను 6 గంటలు, నూనె పూరీలు మాంసం అయితే 8 గంటలు. పాలు చూడ్డానికి నీళ్ళలా ఉన్నా కడుపులోకెళ్ళాక విరిగి గడ్డకడతాయి, కాబట్టి పాల టీ 6 గంటల లెక్కలోకే వస్తుంది, నీళ్ళ లెక్కలోకి రాదు. ఈ ఒక్క ముక్క వార్డు గోడ మీద పెద్దక్షరాల్లో రాసి పెట్టాలనిపిస్తుంది నాకు.

అయితే మా వాళ్ళ తప్పు కూడా ఉంది, చెప్పుకోవాలి. చాలా చోట్ల "రాత్రి 10 తర్వాత ఏమీ వద్దు" అని అందరికీ ఒకే మాట చెప్పేసి వెళ్ళిపోతారు. పొద్దున్న 8కి వెళ్ళే వాళ్ళకి అది సరే, లిస్టులో ఆఖర్న మధ్యాహ్నం 2కి వెళ్ళే మనిషి 16 గంటలు నోట్లో చుక్క నీళ్ళు లేకుండా పడుంటాడు, నాలుక పిడచకట్టుకుపోతుంది, ఇంక వాళ్ళు ఫ్లాస్కులు దాచక ఏం చేస్తారు. ఎందుకు వద్దో చెప్పకుండా వద్దు అని మాత్రమే చెప్తే మన జనం మాట వినరు, నేనైనా వినను. నేను ఎనస్థీషియా డాక్టరుగారినే అడిగా, 9 వరకు నీళ్ళివ్వమన్నారు, కావాలంటే పాలు లేకుండా బ్లాక్ టీ కూడా తాగొచ్చన్నారు. అత్తయ్యగారు ఆ మాట విని మొహం అటు తిప్పుకున్నారు. "డికాక్షన్ తాగేంత ఖర్మ పట్టలేదు నాకు" అట.

మందుల దగ్గర ఇంకో తలనొప్పి. "ఏమేం మాత్రలు వాడుతున్నారు" అంటే షుగర్‌కీ బీపీకీ అని చెప్తారు. ఆ గుండెకి వేసుకునే చిన్న మాత్ర ఉంటుందే, ఎకోస్ప్రిన్, దాన్ని ఎవరూ మందుల్లో లెక్కెయ్యరు, "అది రక్తం పలచబడ్డానికి లెండి" అని నవ్వుతూ చెప్తారు, మాకు కావాల్సిందే అది కదా! ఆపాలా వద్దా అన్నది డాక్టర్లు చూసుకుంటారు, గుండెకి స్టెంట్ వేసిన వాళ్ళకి ఊరికే ఆపితే అదో ప్రమాదం, కానీ ముందు వాడుతున్నారని తెలియాలిగా. షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్ రకానివి 3 రోజుల ముందే ఆపమంటారు, ఉపవాసంలో అవి ఒంట్లో ఉంటే షుగర్ అంకె బాగానే కనిపిస్తూ రక్తం మాత్రం యాసిడ్ అయిపోయే స్థితి వస్తుంది. కాబట్టి హాస్పిటల్‌కెళ్ళేటప్పుడు చీటీలొద్దు, మాత్రల స్ట్రిప్పులే కవర్లో వేసి తీసుకెళ్ళండి, ఆకు పసర్లూ నాటు మందులూ వాడుతున్నా సిగ్గుపడకుండా చెప్పండి.

తర్వాత నగలు. ముక్కుపుడక, చెవి దిద్దులు, మట్టెలు అన్నీ తీసేయమంటాం. ఆపరేషన్లో రక్తం ఆపడానికి కరెంటుతో మాడుస్తారు, ఒంటి మీద లోహం ఉంటే ఆ చోట కాలే అవకాశం ఉంది, చేతులు వాస్తే ఉంగరం బిగుసుకుపోతుంది, మత్తిచ్చేటప్పుడు ముక్కుపుడక ఊడి గొంతులోకి పోవచ్చు. ఇవన్నీ అర్థం చేసుకుంటారు ఆడవాళ్ళు. సూత్రాల దగ్గరే ఆగిపోతారు. అత్తయ్యగారు పెళ్ళైన 41 ఏళ్ళలో ఎప్పుడూ తీయలేదట, గొలుసు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నారు, ఏడవట్లేదు, వదలట్లేదు అంతే. ఆ డ్యూటీ సిస్టర్ చిన్న పిల్ల, పాతికేళ్ళుంటాయేమో, ఏమీ వాదించకుండా వెళ్ళి ఎక్కడ పట్టుకొచ్చిందో పసుపుతాడు తెచ్చింది, దానికి పసుపుకొమ్ము కట్టి, "మావయ్యగారూ, మీరే కట్టండి, తర్వాత గొలుసు మీరే తీద్దురుగాని" అంది. మావయ్యగారి చేతులు వణికాయి, ముడి సరిగ్గా పడలేదు, రెండోసారి వేశారు. వార్డంతా చూస్తోంది. మావయ్యగారు తీసిన గొలుసుని నా చేతిలో పెట్టి రిజిస్టర్లో "సూత్రాల గొలుసు 1, దిద్దులు జత, ముక్కుపుడక 1, మట్టెలు జత" అని రాయించి సంతకం పెట్టించుకుంది ఆ అమ్మాయి. ఈ సంతకం మాత్రం నర్సులెవరూ మర్చిపోవద్దు, తర్వాత వచ్చే గొడవలు నాకు తెలుసు.

ఆషాఢం కదా, చేతులకి గోరింటాకు. మా ఆడపడుచు పెట్టింది, "హాస్పిటల్లో చెయ్యి బోసిగా ఉంటే ఏం బాగుంటుంది" అని. వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తాం కదా, అది వేల్లోంచి వెళ్ళే కాంతిని చదివే మిషను, చివర్లకి ముదురుగా పండిన గోరింటాకు ఉంటే తికమకపడొచ్చు, నెయిల్ పాలిష్‌తో కూడా అంతే. చెవి తమ్మెకి పెట్టుకున్నారు చివరికి. గోరింటాకు పెట్టుకోండి, అరచేతుల్లో పెట్టుకోండి, ఓ రెండు వేళ్ళు వదిలెయ్యండి అంతే.

షేవింగ్ గురించి ఒక్క మాట చెప్పేసి ముందుకెళ్తా. ఇంట్లో రేజర్‌తో గీసుకుని రాకండి దయచేసి. కంటికి కనపడని గాట్లు పడి అక్కడే క్రిములు చేరతాయి, అసలు వెంట్రుకలు తీయక్కర్లేకపోతే తీయొద్దని, తీయాల్సొస్తే క్లిప్పర్‌తో కత్తిరించమని 2016లోనే డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది. ఇంకా రేజర్లతో గీసే చోట్లు ఉన్నాయి, ఎందుకో మరి.

థియేటర్ గుమ్మం దగ్గర పేరేంటి, ఏం ఆపరేషను, అలర్జీలేమైనా ఉన్నాయా అని మళ్ళీ మొదటినుంచీ అడుగుతారు. అప్పటికి నాలుగోసారి. "కాగితంలో ఉందిగా, చదువుకోరా" అని విసుక్కున్నారు మావయ్యగారు. అది డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళు 2008లో పెట్టిన చెక్‌లిస్టు, 19 ప్రశ్నలు, మత్తుకి ముందు కొన్ని, కోతకి ముందు కొన్ని, బయటికి తెచ్చేముందు కొన్ని. 8 ఊళ్ళల్లో పరీక్షించారు, అందులో ఢిల్లీ ఒకటి, ఆ 8 చోట్లా కలిపి ఆపరేషన్ తర్వాత చావులు నూటికి 1.5 నుంచి 0.8కి దిగాయి. కొత్త మిషను లేదు, కొత్త మందు లేదు, ఉత్త ప్రశ్నలు. కాబట్టి పేరు పదిసార్లు అడిగినా పదిసార్లూ చెప్పండి, విసుక్కోకండి.

ఇప్పుడు అసలు నేను రాయాలనుకున్నది.

ఒంటిగంటకి బయటికి తెచ్చారు. రికవరీలో ఉంచి వార్డుకి పంపారు. మొదటి గంట పావుగంటకోసారి, తర్వాత అరగంటకోసారి బీపీ, పల్సు, ఆక్సిజన్ చూస్తారు. నేను స్టూల్ మీద కూర్చుని ఆవిడ ఛాతీ వైపు చూస్తూ గడియారం పట్టుకుని ఊపిరి లెక్కపెడుతున్నా. మావయ్యగారు "మానిటర్ ఉంది కదమ్మా, ఏం చూస్తున్నావ్" అన్నారు. ఏం చూస్తున్నానో చెప్పాలంటే 14 ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

డ్యూటీలో చేరిన మొదటి ఏడాది, నైట్ షిఫ్టు, వార్డులో 26 మంది పేషెంట్లు, నేనూ ఇంకో సిస్టరూ. గర్భసంచి తీసిన ఒకామె, నలభై ఐదేళ్ళుంటాయి, సాయంత్రం థియేటర్ నుంచి వచ్చింది. 9కి చూశా, బీపీ 116/74, పల్సు 88. 10కి బీపీ 114/76, పల్సు 98. 11కి 110/78, పల్సు 112. బీపీ బాగానే ఉంది కదా అని రాసుకుంటూ పోయా. ఊపిరి గడిలో 20, 20, 20. నిజం చెప్తున్నా, లెక్కపెట్టలేదు. చాలా వార్డుల్లో ఎవరూ లెక్కపెట్టరు, షీట్ తీసి చూడండి, ఊరంతా 20 సార్లే ఊపిరి తీస్తుంటారు. ఆమె రెండు మూడు సార్లు పిలిచింది, "దాహంగా ఉంది తల్లీ, కొంచెం నీళ్ళు పొయ్యి" అని. ఇప్పుడే ఇవ్వకూడదమ్మా అని పెదాలు తడిపి వెళ్ళిపోయా. దుప్పటి లాగేస్తోంది, చేతులు ఒకచోట ఉండట్లేదు, నొప్పికేమో అనుకున్నా. యూరిన్ బ్యాగ్ వైపు వంగి చూడలేదు.

మా నైట్ సూపర్‌వైజర్ కేరళ ఆవిడ, రిటైర్మెంట్ దగ్గర్లో ఉన్నారు, తెలుగు సగం మలయాళం సగం మాట్లాడేవారు. రౌండుకొచ్చి మానిటర్ వైపు చూడనే లేదు. ముందు దుప్పటి ఎత్తి పాదం పట్టుకున్నారు. చల్లగా ఉంది. గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడానికి టైం పట్టింది. వంగి బ్యాగ్ చూశారు, గంటలో 15 మి.లీ. కూడా లేదు, 50 కిలోల మనిషికి గంటకి కనీసం 25 రావాలి. తర్వాత ఒక నిమిషం, నిజంగా ఒక నిమిషం, నిలబడి ఊపిరి లెక్కపెట్టారు. 32. నా షీట్లో 20. అప్పుడే ఫోన్ చేశారు, 12 దాటేసరికి ఆమె మళ్ళీ థియేటర్లో ఉంది, లోపల రక్తనాళం కట్టు జారింది, కడుపులో లీటరు పైగా రక్తం. బతికింది. పదో రోజున కుట్లు తీయించుకుని నాకు చెప్పే వెళ్ళింది, నీళ్ళివ్వలేదని కోపం కూడా లేదు ఆమెకి.

తర్వాత తెలిసింది, అంటే పరీక్షలో రాశాను గానీ అప్పటికి బుర్రకెక్కలేదు. లోపల రక్తం పోతుంటే ఒళ్ళు ముందు గుండెని పరిగెత్తిస్తుంది, చేతులూ కాళ్ళ రక్తనాళాల్ని బిగించి రక్తాన్ని మధ్యకి లాక్కుంటుంది, ఆ పోరాటం వల్ల పెద్దవాళ్ళలో 750 నుంచి లీటరున్నర దాకా పోయినా పైన కనిపించే బీపీ అంకె నిలబడే ఉండొచ్చు. నా షీట్లో కింద అంకె 74 నుంచి 78కి పెరగడం కూడా ఆ బిగింపే. పై అంకె పడిపోయిందంటే ఒళ్ళు ఇంక చేతులెత్తేసినట్టు. దాహం, చెమట, కంగారు, చల్లటి పాదాలు, పెరిగే పల్సు, ఆయాసం, తగ్గే మూత్రం ఇవన్నీ ముందొస్తాయి, బీపీ ఆఖర్నొస్తుంది. నేను ఆఖర్న వచ్చేదాని కోసం కాపలా కూర్చున్నా.

ఈ ఊపిరి గొడవ మన హైదరాబాద్‌లో నూట ముప్పై ఏళ్ళ పైనాటిది, ఇది చాలామందికి తెలీదు. ఎడ్వర్డ్ లారీ అని బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఉండేవాడు, అక్కడి మెడికల్ స్కూల్ కూడా ఆయనే నడిపేవాడు. అప్పటి మత్తుమందు క్లోరోఫామ్ ఇచ్చేటప్పుడు పల్సు కాదు, ఊపిరి చూడాలి అన్నది ఆయన పట్టుదల. 1888లో ఒకటి, 1889లో ఒకటి, అది తేల్చడానికి రెండు క్లోరోఫామ్ కమిషన్లు (విచారణ బృందాలు) పెట్టించాడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చాడు, రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరే వచ్చాడు. ఆ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో మొదటి మహిళా ఎనస్థీషియా డాక్టర్లలో ఒకరని చెప్తారు. క్లోరోఫామ్ గుండెని నేరుగా ఆపదు అన్న లారీ మాట తర్వాత తప్పని తేలింది, 1911లో లెవీ అనేవాడు తేల్చాడు. ఊపిరి మీద కన్ను తీయకండి అన్నది మాత్రం నిలిచింది. లారీకి తెలిసినంత కూడా ఆ రాత్రి నాకు తెలీలేదు అనుకుంటుంటా అప్పుడప్పుడు.

మరి సిస్టర్లు ఎందుకు లెక్కపెట్టరు అంటే, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం టీచింగ్ హాస్పిటల్ వార్డులో ముగ్గురికి ఒక నర్సు, మామూలు హాస్పిటల్లో ఐదుగురికి ఒకరు ఉండాలి. రాత్రిపూట ఏదైనా వార్డులోకెళ్ళి లెక్కపెట్టి చూడండి. ఇరవై మంది ఊపిరి నిమిషం చొప్పున లెక్కపెట్టాలంటే ఇరవై నిమిషాలు, ఒక్క రౌండుకి, మిగతా పనేదీ లేకుండా. అందుకే అటెండెంట్లకి చెప్తున్నా, ఫోన్ పక్కన పెట్టి మీ మనిషి ఛాతీ చూడండి, నిమిషంలో 12 నుంచి 20 సార్లు లేస్తే మామూలు, 25 దాటినా, నొప్పి ఇంజెక్షన్ తర్వాత 10 లోపుకి తగ్గినా వెళ్ళి సిస్టర్‌ని లేపుకురండి. తిడితే తిట్టించుకోండి.

అత్తయ్యగారికి 16 వచ్చింది ప్రతిసారీ. మూడింటికి తెలివొచ్చి "కుడి భుజం లాగేస్తోంది, భుజానికేం చేశారే వీళ్ళు" అన్నారు. కడుపు ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ పంపుతారు, మిగిలిన గ్యాసు ఊపిరితిత్తుల కింద ఉండే పొరని గుచ్చుతుంటే నొప్పి భుజంలో తెలుస్తుంది, ఆ నరం దారి అలాంటిది, ఒకట్రెండు రోజుల్లో పోతుంది. ఇది ముందే చెప్పకపోతే ఆపరేషన్లో చెయ్యి మెలితిప్పారని ఊళ్ళో చెప్పుకుంటారు.

సాయంత్రం ఆ చిన్న సిస్టరే లేపి కూర్చోబెట్టింది, పొట్టకి దిండు ఆనించి పట్టుకుని దగ్గించింది, ఊపిరితిత్తుల వ్యాయామానికి మూడు బాల్స్ ఉండే డబ్బా ఇచ్చి పీల్చమంది. అత్తయ్యగారు ఊదారు. పీల్చాలి అత్తయ్యగారూ, ఊదకూడదు. మళ్ళీ ఊదారు. నాలుగోసారికి ఒక బాలు లేచింది, అంతే, ఇంక పక్క మంచం ఆవిడతో పోటీ. మంచం దిగి బాత్రూం దాకా నడిపించారు, మావయ్యగారు "అప్పుడే నడిపిస్తారా, కుట్లు ఊడవా" అని వెనకే చేతులు చాపుకుని నడిచారు. ఊడవు మావయ్యగారూ. పడుకునే ఉంటే పిక్కల్లో రక్తం గడ్డకడుతుంది, అది ఊడితే ఊపిరితిత్తుల్లోకెళ్తుంది, నాకు ఆ భయమే ఎక్కువ.

మర్నాడు రౌండ్సులో డాక్టరుగారు అందరి ముందూ "గ్యాస్ పోయిందామ్మా" అని అడిగారు. అత్తయ్యగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని నా వైపు చూశారు, కోడలి ముందు ఈ ప్రశ్నేంటని. మత్తుకి పేగులు నిద్రపోతాయి, అవి లేచాయనడానికి గ్యాస్ ఓ గుర్తు, మాకది శుభవార్త. నేనే చెప్పా, పోయింది డాక్టర్, తెల్లవారుజామున 4కి అని. చంపేసేలా చూశారు నన్ను.

పథ్యం గురించి పిన్నుల, మామ్మల ఫోన్లు మొదలయ్యాయి అప్పటికే. పప్పు పెడితే చీము పట్టుద్ది, గుడ్డు వద్దు, వంకాయ అసలొద్దు, పులుపు తగలకూడదు, బీరకాయ కూరా కారప్పొడీ పెట్టండి చాలు. కుట్టు మానాలంటే ఒంటికి మాంసకృత్తులు కావాలి, అవి ఉన్నవే పప్పులో గుడ్డులో, వాటిని ఆపేసి బీరకాయ పెడతారు. చీము పప్పు వల్ల రాదు, క్రిముల వల్ల వస్తుంది, షుగర్ కంట్రోల్లో లేకపోతే ఇంకా వస్తుంది. ఫోన్లో వాదించే ఓపిక లేక సరే పిన్నీ అని పెట్టేసి ఆ మధ్యాహ్నం పెసరపప్పు కట్టు పెట్టా. గాల్ బ్లాడర్ కదా, కొన్నాళ్ళు నూనె తగ్గించా, అంతే.

డిశ్చార్జి అయ్యేముందు ఆ సిస్టర్ దగ్గర కూర్చుని కాగితం మీద నంబరు రాయించుకున్నా, జ్వరమొచ్చినా, కళ్ళు పచ్చబడినా, కుట్టు దగ్గర ఎర్రబడి కారినా ఎవరికి చేయాలో. గొలుసు మళ్ళీ మెడలో పడింది. పసుపుతాడు మాత్రం తీయనివ్వలేదు, రెండూ ఉన్నాయి ఇప్పటికీ.

టీ సంగతి చెప్పలేదు కదూ. ఆపరేషన్ రోజు రాత్రి 7కి నీళ్ళు గుక్కలు గుక్కలుగా ఇచ్చి, వాంతి లేదని చూసి, ఎనిమిదింటికి టీ ఇవ్వొచ్చన్నారు. మావయ్యగారు ఫ్లాస్కు పట్టుకుని అప్పటికే రెడీగా ఉన్నారు, క్యాంటీన్లో కొత్తగా పోయించుకొచ్చారు, షుగర్ పేషెంట్ కదా అని నా ముందు పంచదార లేకుండా. అత్తయ్యగారు ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశారు.

"దీనికేనా పొద్దున్నుంచీ ఇంత గొడవ" అన్నారు.

మావయ్యగారు నా వైపు ఓసారి చూసి, చొక్కా జేబులోంచి మెల్లగా చిన్న పంచదార పొట్లం తీశారు.